ఎలుగు చూస్తే ఉరికే పురుగు

ఆదివారం, మహబూబ్‌నగర్

పొద్దున రొట్టెలు చేద్దామని జొన్నపిండి డబ్బా తీస్తే, మూత అంచు వెంబడి ఎర్ర పురుగులు నడుస్తున్నాయి. ఒక్కోటి సగం బియ్యపు గింజంత ఉంది. గిర్నిలో పట్టించి నెల దాటింది మరి. పారబోయబోతుంటే అమ్మ ఆపింది. ముందు గుప్పెడు తీసి వాసన చూసింది. "ఘాటు లేదు, మంచిగనే ఉంది" అని చాటలో పోసి మిద్దె మీదికి తీసుకుపోయింది.

అమ్మ వాసన చూడటం ఊరికే కాదు. ఈ పురుగులు క్వినోన్లు అనే రసాయనాలు వదులుతాయి. పురుగు బాగా పెరిగితే పిండి ఘాటెక్కి, కాస్త గులాబీ రంగుకు తిరుగుతుంది.

ఎండ తగిలీ తగలగానే పురుగులన్నీ చాట అంచు నీడకు పరుగుతీశాయి. "ఎలుగు చూస్తే ఉరుకుతయి బిడ్డా" అంది అమ్మ. నాకు ఒళ్లు జలదరించింది. ఏళ్లుగా క్లాసులో పిల్లలకు చెబుతున్న టెనెబ్రియో అనే లాటిన్ పురుగు పేరుకు అర్థం అదే! టెనెబ్రే అంటే చీకటి, టెనెబ్రియో అంటే వెలుగుకు మొహం చాటేసేవాడు. జీవులకు లాటిన్ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఆ పేరు పెట్టాడు. ఆయన పెట్టిన పురుగు పేర్లలో టెనెబ్రియో మోలిటర్ ఒకటి. మోలిటర్ అంటే పిండి విసిరేవాడు, మన మాటలో గిర్ని ఆయన.

కానీ ఒక తప్పు దిద్దుకోవాలి. మొన్న ఒక అమ్మాయి రికార్డులో ఎర్ర పిండి పురుగు బొమ్మ కింద 'టెనెబ్రియో' అని రాస్తే నేను టిక్కు పెట్టేశాను. టెనెబ్రియో ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, పేరు మాత్రమే. దాని మీదుగా వచ్చిన కుటుంబం పేరు టెనెబ్రియోనిడే. అందులో 20,000కు పైగా జాతులున్నాయి, ఏ ఒక్కదాన్నైనా టెనెబ్రియోనిడ్ అనొచ్చు. మన డబ్బాలోది ట్రైబోలియం కాస్టేనియం. కాబట్టి అది టెనెబ్రియోనిడ్ అవుతుంది, టెనెబ్రియో కాదు. అమ్రాబాద్ అడవిలోని పులి పిల్లి కుటుంబమైన ఫెలిడేలోదే అయినా, దాని ప్రజాతి ఇంటి పిల్లిది అయిన ఫెలిస్ కాదు, పాంథెరా. పిల్లలకు ఇలా చెబితే పట్టుకుంటారు. బియ్యంలో ముక్కు పొడుగ్గా ఉండే పురుగునైతే ఇందులో కలపకూడదు, దాని కుటుంబమే వేరు.

పేరులో చీకటి ఉందని అన్నీ చీకట్లోనే బతకవు. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో కొన్ని టెనెబ్రియోనిడ్లు పొద్దున్నే ఇసుక దిబ్బ ఎక్కి, తల కిందికి వంచి నిలబడతాయి. వీపు మీద పట్టిన పొగమంచు నీటిచుక్కలై నోట్లోకి జారుతుంది. నీళ్ల కోసం తిప్పలు పడ్డ పాలమూరులో పుట్టినదాన్ని కదా, ఆ సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మధ్యాహ్నం పిండి జల్లెడ పట్టాం, రొట్టెలు సాయంత్రానికి జరిగాయి. నాలుగు పురుగులను మాత్రం చిటికెడు పిండితో గాజు సీసాలో వేసి, సగం సీసాకు నల్లకాగితం చుట్టాను. రేపు క్లాసులో పేరు చెప్పను. అవి ఎటు పోతాయో ముందు పిల్లలనే చూడమంటాను.