తిరుపతిలో మట్టి నగల వ్యాపారం: నా అనుభవం

తిరుపతి నుంచి చెన్నైకి బస్సులో మూడు నాలుగు గంటల ప్రయాణం. విజయవాడకు వెళ్ళాలంటే మాత్రం రాత్రి బండి ఎక్కాలి. చిత్తూరు దాటితే వేలూరు, పలమనేరు దాటితే కోలారు. ఇంట్లో కూర్చుని చేతితో నగలు చేసి అమ్ముకునే నా వంటి వారికి ఈ దూరాల లెక్కే అన్నిటికంటే పెద్ద సంగతి అయింది. మట్టి నగలను మంచి ధర ఇచ్చి కొనేవారిలో చాలామంది తమిళనాడు, కర్ణాటకల్లో ఉన్నారు. పన్నుల చట్టం దృష్టిలో రాష్ట్రం లోపల అమ్మడం వేరు, రాష్ట్రం దాటించి అమ్మడం వేరు. మట్టి కలపడం మొదలుకొని ఆ సరిహద్దు దాటించడం వరకు నాకు ఎదురైన పనులను, ఇదే దారిలో దిగాలనుకునే వారి కోసం రాస్తున్నాను.

పలమనేరు ప్రాంతపు కుమ్మరులు టెర్రకోట బొమ్మలకు, కూజాలకు పేరు పొందినవారు. అక్కడి ఒక కుటుంబం వద్ద నేను మట్టి పని నేర్చుకున్నాను, ఇప్పటికీ మట్టి వారి దగ్గరనుంచే తెచ్చుకుంటాను. కుండకు వాడే మట్టిలో ఇసుక కలుస్తుంది, అది కుండకు బలం. నగకు మాత్రం ఆ ఇసుక పనికిరాదు, సూదిమొనతో గీసే గీత రవ్వ తగిలి చెదిరిపోతుంది. అందువల్ల చెరువు మట్టిని నానబెట్టి, పలుచగా కలిపి, నూలుబట్టలో వడగట్టి, నీరు ఇంకిన తరువాత ముద్దగా పిసుకుతాను. పిసకడంలో తొందర కూడదు. లోపల గాలి బుడగ మిగిలిన ముద్దతో చేసిన పూస ఎంత అందంగా ఉన్నా అతుకు దగ్గర నమ్మకం ఉండదు.

బుట్ట కమ్మలు చేయడానికి గోళీకాయంత చెక్క గుండు ఒకటి నా దగ్గర ఉంది. పలుచగా ఒత్తిన మట్టి బిళ్ళను దాని మీద పరచి, వేళ్ళతో కిందికి లాగి, అంచును సూదితో కత్తిరించి, దారమంత సన్నగా దొర్లించిన మట్టిపోగును చుట్టూ అతికిస్తాను. ఆ పోగు మీద చిన్న చిన్న చుక్కలు, వాటి మధ్య మామిడిపిందె. తీగ దూరే రంధ్రాన్ని పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి, అవసరమైనదానికంటే కొంచెం పెద్దదిగా చేయాలి. ఎండి, కాలేసరికి మట్టి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది, దానితోపాటు రంధ్రమూ చిన్నదవుతుంది. బుట్టను లోపల బోలుగా ఉంచడం అందం కోసం కాదు, చెవి కోసం. జత మొత్తం ఇరవై గ్రాములు దాటితే సాయంత్రానికి తమ్మె లాగుతుందని, ఇంట్లో నా చెవులకే పెట్టుకుని చూసి, ఆ హద్దు పెట్టుకున్నాను.

ఎండబెట్టడం నీడలోనే చేయాలి. ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి, లోపలి తేమ బయటకు రాలేక నెర్రెలు ఇస్తుంది. పూర్తిగా ఎండిందీ లేనిదీ తెలుసుకోవడానికి నాకు పని నేర్పిన పెద్దామె ఒక చిట్కా చెప్పింది: "చెంపకు ఆనిచ్చి చూడు మ్మా, సల్లగా తగిల్తే ఇంగా నీళ్ళుండాయని." ఇప్పటికీ ప్రతి ముక్కనూ చెంపకు ఆనించే ఆవంలో, అంటే మట్టి కాల్చే బట్టీలో, పెడతాను. మిగిలిపోయిన తేమ నూరు డిగ్రీల దగ్గర ఆవిరై ఉబ్బుతుంది, ఆ ముక్క పగిలి పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తుంది. అందుకే మొదట సన్నటి సెగ, గంటలు గడిచాక పిడకల మంట. చిత్రం ఏమిటంటే ఎరుపు, నలుపు రెండూ ఒకే మట్టి నుంచి వస్తాయి. మంటకు గాలి బాగా తగిలితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. చివరలో ఊక కప్పి గాలి మూసేస్తే పొగ లోపలే తిరిగి నల్లబడుతుంది. రంగు పూసిన నలుపు కంటే ఈ పొగ నలుపే నాకు ఇష్టం, నా దగ్గర కొనేవారిలో చీరలు నేసిన చేయి ఎవరిదో చూసి కొనే తరహా ఆడవాళ్ళకు కూడా అదే నచ్చుతుంది. కాలిన ముక్కను గోటితో మీటితే కంగుమనాలి. మొద్దుబారిన చప్పుడు వస్తే లోపల చీలిక ఉన్నట్టే.

కొక్కేల విషయంలో పొదుపు చేయకూడదని నా అభిప్రాయం. చవకరకం కొక్కేల పూతలో ఉండే నికెల్ కొందరి చెవులకు పడదు. దురద, పుండు వస్తాయి. స్టీలు కొక్కేలు కాస్త ఖరీదైనా, ఒకసారి చెవి పుండైన మనిషి మళ్ళీ మన దగ్గర కొనదు.

ధర నిర్ణయించడం దగ్గర నేను చాలా సేపు ఆగాను. మట్టి నగ అనగానే "మట్టికి ఇంత రేటా" అనే మాట ప్రతి అంగడిలోనూ వినిపిస్తుంది, ఆ మాటకు లెక్కతోనే జవాబు చెప్పాలి. ఒక జత బుట్టలకు మట్టి, రంగు, కొక్కేలు కలిపి 22 రూపాయలు. గంటంబావు చేతిపని, గంటకు 80 చొప్పున 100. ఆవం ఖర్చులో వాటా 8. మొత్తం 130. అయితే ఆవంలో పెట్టిన పది జతల్లో రెండు పోతాయని లెక్కవేసుకోవాలి, అప్పుడు మిగిలిన ఎనిమిదే పదింటి ఖర్చునూ మోయాలి. జత 162 దాటుతుంది. పెట్టె, చీటీ కలిపితే 180. అంగడివారు నూటికి 30 తీసుకుంటామన్నారు కనుక 260కి అమ్మితే వారికి 78 పోగా నాకు 182 మిగులుతుంది. నేను నేరుగా అమ్మినప్పుడు కూడా 260కే అమ్ముతాను. అంగట్లో ఒక ధర, ఇంటిదగ్గర ఒక ధర పెడితే అంగడివారు మరుసటి వారమే పెట్టెను వెనక్కి పంపుతారు, అది న్యాయమే.

తిరుపతిలో అమ్మకం అంటే యాత్రికులే అని అందరూ అనుకుంటారు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధుల్లో నా సరుకు కొంత ఉంచి చూశాను. దర్శనం ముగించుకుని రైలు కోసం పరుగెత్తే కుటుంబం లడ్డూల సంచీ, పసిపిల్లల సామాన్లు పట్టుకుని ఉంటుంది; పగిలే వస్తువు కొనడానికి వారికి మనసొప్పదు. కొనేవారు కూడా స్వామివారి రూపం ఉన్న పతకమే అడిగేవారు. దేవుడి రూపాన్ని చెమట పట్టే మెడలో, స్నానాల గదిలో తీసిపెట్టే వస్తువు మీద వేయడం నాకు ఇష్టంలేక శంఖం, చక్రం, నెమలి వరకే ఉండిపోయాను. ఆ అంగడి యజమాని దీన్ని నా మొండితనం అన్నాడు, బహుశా వ్యాపారపరంగా ఆయన మాటే సరి. తిరుచానూరు దారిలోని శిల్పారామంలో పరిస్థితి వేరు. అక్కడికి వచ్చేవారు తీరిగ్గా వస్తారు, వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు, ఎలా చేశావని అడుగుతారు. కార్తీకంలో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాల రోజుల్లో చెన్నై నుంచి వచ్చినవారు నా బల్ల దగ్గర నిలబడి ఫోన్ నంబర్లు రాసుకుని వెళ్ళారు. నా వ్యాపారం సరిహద్దు దాటడం అక్కడ మొదలైంది.

కాగితాల విషయానికి వస్తే, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం గుర్తించే ఉద్యమ్ నమోదు చాలా తేలిక. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ చాలు, పత్రాలేవీ జతచేయనక్కరలేదు. ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన పేర్లతో రుసుము వసూలుచేసే దళారీ వెబ్‌సైట్లు వెతుకులాటలో ముందు కనిపిస్తాయి కాబట్టి వెబ్ చిరునామా చివర ప్రభుత్వ గుర్తు (gov.in) ఉందో లేదో చూసుకోవాలి. వ్యాపార వర్గం అడిగినచోట అనుకరణ ఆభరణాల తయారీ, అంటే 3212 తరగతి, ఎంచుకున్నాను. బంగారు, వెండి నగల తరగతి పక్కనే 3211గా ఉంటుంది, అది మనకు సంబంధించినది కాదు. హాల్‌మార్కు గొడవ కూడా మనకు లేదు.

కేంద్ర జౌళి శాఖ కింద ఉండే హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే చేతివృత్తివారి గుర్తింపు కార్డుకు మాత్రం మనిషి ముందర పని చేసి చూపించాల్సి వచ్చింది. పరిశీలనకు వచ్చినాయన మట్టి ముద్దను నా చేతికిచ్చి, "కానియ్యండమ్మా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పరీక్షలా అనిపించినా, అది సబబే అనుకుంటాను. బజారులో అచ్చు యంత్రంలో పోసిన నగలు తెచ్చి చేతిపని అని అమ్మేవారు తక్కువేమీ కాదు. ఈ కార్డు ఉంటే ప్రభుత్వం నడిపే హస్తకళా ప్రదర్శనల్లో చోటు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు పూచీ లేకుండా అప్పు ఇస్తారు. ఒక బ్యాంకు శాఖలో నన్ను ఇంటి పత్రాలు అడిగారు. నిబంధన గుర్తుచేస్తే మేనేజరు గారు లేరన్నారు. నేను మరో శాఖకు వెళ్ళి, కొనబోయే సామాన్ల కొటేషను, ఉద్యమ్ పత్రం చూపించి పని ముగించుకున్నాను.

ఇక సరిహద్దు. మన రాష్ట్రంలో వస్తువులు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం లేదు. ఇది అందరికీ తెలిసినదే. కాని వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే, అది ఒక్క జత కమ్మలైనా, సాధారణ నియమం ప్రకారం నమోదు తప్పనిసరి. శిల్పారామంలో నంబరు రాసుకుని వెళ్ళిన చెన్నై ఆమె ఫోన్ చేసి రెండు హారాలు కావాలన్నప్పుడు నేను ఈ నియమం దగ్గరే ఆగిపోయాను. దీనికొక మినహాయింపు ఉంది: చేతివృత్తి వస్తువులుగా ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉండి, ప్రధానంగా చేతితో తయారైనవాటిని, ఏడాది మొత్తం అమ్మకాలు 20 లక్షల లోపు ఉన్నవారు నమోదు లేకుండానే రాష్ట్రం దాటించి అమ్మవచ్చు. 2018 అక్టోబరులో వచ్చిన ప్రకటనలో టెర్రకోటతో సహా మట్టి వస్తువులు, చేతితో చేసిన అనుకరణ నగలు రెండూ ఉన్నాయి. షరతులు రెండు: పాన్ ఉండాలి, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు తీయాలి. మామూలు సరుకుకు 50,000 రూపాయల విలువ దాటితేనే ఈ-వే బిల్లు కావాలి. ఈ మినహాయింపు వాడుకునేవారికి మాత్రం విలువ ఎంత తక్కువైనా కావాలి. రెండు హారాలకు ఈ-వే బిల్లు ఏమిటని నవ్వు వచ్చినా, నియమం అదే. తపాలా శాఖ మోసే సామానుకు ఈ-వే బిల్లు నుంచి వేరే మినహాయింపు ఉంది. అందుకని మా లెక్కలు చూసే ఆయన సలహా మీద విడి జతలను స్పీడ్ పోస్టులోనూ, అంగళ్ళకు వెళ్ళే పెద్ద పెట్టెలను బిల్లు తీసి పార్శిల్ సర్వీసులోనూ పంపుతున్నాను.

పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళలో చేరమని చాలామంది చెబుతారు. 2023 అక్టోబరు నుంచి వాటి ద్వారా నమోదు లేకుండా అమ్మే వీలు చిన్నవారికి వచ్చింది గాని, అది సొంత రాష్ట్రంలో అమ్మేవారికే. తిరుపతి నుంచి అనంతపురానికి అమ్మవచ్చు, వేలూరికి అమ్మరాదు. నాకు అది అక్కరకు రాలేదు.

పెట్టె మీద అంటించే చీటీని కూడా నిర్లక్ష్యం చేయకూడదు. ముందే ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో, తయారైన నెల, సంవత్సరం, పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. పెట్టెలోపల ఒక్కొక్క బుట్టను మెత్తటి కాగితంలో చుట్టి, రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్ట నిలబెట్టి, ఆ పెట్టెను మరో పెట్టెలో పెట్టి సందుల్లో చించిన కాగితం కూరుతాను. మూత వేశాక చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. నడుమెత్తు నుంచి గచ్చు మీద పడేసి చూసి నమ్మకం కుదిరిన తరువాతే ఈ పద్ధతికి స్థిరపడ్డాను.

ప్రస్తుతం చెన్నై మైలాపూరులోని ఒక అంగడివారు క్రమంగా సరుకు కావాలంటున్నారు, అయితే పన్ను బిల్లు ఇవ్వమని అడుగుతున్నారు. అది ఇవ్వాలంటే 20 లక్షలతో నిమిత్తం లేకుండా నేనే కోరి జీఎస్టీలో నమోదు కావాలి. ఈ నగల మీద పన్ను 3 శాతమే కనుక ధర మీద పడే భారం పెద్దది కాదు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను కట్టే తేలికైన కాంపోజిషన్ పద్ధతిలో చేరదామంటే, అందులో ఉన్నవారు రాష్ట్రం దాటించి వస్తువులు అమ్మడానికి వీల్లేదు. కాబట్టి మామూలు పద్ధతిలోనే చేరి, రిటర్నులు వేస్తూ పోవాలి. లెక్కలు చూసే ఆయనకు ఇచ్చే రుసుమును నెలకు వెళ్ళే జతల మీద పంచి చూస్తే జతకు పది రూపాయలు పైన పడుతోంది. 260ని 275 చేస్తే మైలాపూరు అంగడి ఒప్పుకుంటుందా అని కబురు పంపాను, జవాబు రావాల్సి ఉంది.