గంటకోసారి మాయమైతున్న 43 సెకన్లు

మా ఇంట్ల కంప్యూటర్ కొత్తదేం కాదు, ఎనిమిదేండ్ల కింద హైదరాబాద్‌ల విడి పార్టులు కొనుక్కొచ్చి బిగించుకున్న డెస్క్‌టాప్, దాంట్ల ఉబుంటు అనే లైనక్స్ నడుస్తది. నల్లగొండల ఇంట్లనే కూసొని రెండు మూడు రైస్ మిల్లుల లెక్కలు చూసుకుంట కాబట్టి పొద్దంత అది ఆన్‌లనే ఉంటది. ఆ లెక్కల సైట్‌కు లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ తోటి ఆరంకెల కోడ్ కూడ కొట్టాలె, ఆ కోడ్ ఫోన్ల కాకుండ కంప్యూటర్లనే, పాస్‌వర్డ్లు దాచుకునే కీపాస్‌ఎక్స్‌సీ ప్రోగ్రామ్‌ల పెట్టుకున్న. ఏప్రిల్ మొదట్ల ఆ కోడ్ ఒక్కోసారి పనిచేసుడు బంద్ అయింది. పొద్దున ఏం లేదు మంచిగనే పోతది, ఇంకో గంటకు కొడితే తప్పు అంటది, మల్ల కొడితే తప్పు అంటది, కోపమొచ్చి లేచి చాయ్ తాగొచ్చి కొడితే పోతది. నాకేమో కండ్లు పోతున్నయేమో, 6ని 8 అనుకొని కొడుతున్ననేమో అని అనుమానం.

కనిపెట్టింది మావాడు. ఒకరోజు పక్కన నిలబడి "డాడీ, నీ కంప్యూటర్ టైమ్ ఫోన్ కంటే వెనక ఉంది చూడు" అన్నడు. చూస్తే నిజమే, అర నిమిషం పైన వెనక. నేను లేచి కండ్లద్దాలు తెచ్చుకొని నెట్ చూసి, అదీ ఇదీ చేసి పావుగంట తర్వాత మల్ల చూస్తే రెండూ ఒక్కటే టైమ్. "ఏమో డాడీ, ఇందాక ఉండె" అన్నడు వాడు, నేనే వాన్ని నాలుగు మాటలన్న. ఈ కోడ్ అనేది గడియారాన్ని బట్టి ప్రతి 30 సెకన్లకు మారుతది, అవతల సర్వర్ మామూలుగ ఒక మెట్టు, అంటే ఒక కోడ్, అటూ ఇటూ ఒప్పుకుంటది, రెండు మెట్లు వెనకబడితే ఒప్పుకోదు. కాబట్టి గడియారం 40 సెకన్లు వెనక ఉంటే కోడ్ ఒకసారి అయితది ఒకసారి కాదు, నాకు అయింది అచ్చం గదే.

హైదరాబాద్‌ల మా బామ్మర్ది ఈ నెట్‌వర్క్ పనే చేస్తడు, ఫోన్ చేస్తే ఒక్క మాటల తేల్చిండు: "బావా, అది నెట్‌దే, మీ దగ్గర హాట్‌స్పాట్ కదా, టైమ్ సర్వర్ మార్చు." సరే అని, కంప్యూటర్ నెట్‌ల టైమ్ అడిగే ఇండియా పూల్ సర్వర్లు తీసేసి ఢిల్లీల నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ సర్వర్ పెట్టిన, మన దేశం టైమ్ లెక్క ఉండేది వాళ్ల దగ్గరనే కదా, అంతకంటే పెద్ద దిక్కు ఎవరుంటరు. ఏం మారలే. హాట్‌స్పాట్ తీసి పక్కింటోళ్ల బ్రాడ్‌బ్యాండ్ అడుక్కొని పెట్టిన. ఏం మారలే.

ఇగ కంప్యూటర్ బంద్ ఉన్నప్పుడు బోర్డు మీది గడియారాన్ని నడిపే సెల్లు మీద పడ్డ. ఎనిమిదేండ్ల సెల్లు, అయిపోయి ఉంటది అని గడియారం సెంటర్ దాక పోయి సీఆర్ 2032 ఒకటి తెచ్చిన (గడియారం సెల్లుకు గడియారం సెంటర్‌కే పోవుడు అని మా ఆవిడ నవ్వింది). డబ్బా విప్పి, దుమ్ము దులిపి, సెల్లు మార్చి, బయోస్‌ల టైమ్ చేత్తోటి పెట్టిన, లైనక్స్ బోర్డు గడియారాన్ని మన టైమ్‌ల కాకుండ యూటీసీల ఉంచుతది కాబట్టి మన టైమ్‌ల ఐదున్నర గంటలు తీసేసి ఫోన్ చూసుకుంట పెట్టిన. అంతే, బాగయింది! వారం చూసిన, రెండు వారాలు చూసిన, ఒక్క కోడ్ కూడ తప్పు పోలే. బామ్మర్దికి ఫోన్ చేసి "నెట్ కాదురా, సెల్లు" అని గొప్పగ చెప్పిన కూడ. మూడో వారం మల్ల మొదలు.

ఈసారి కోపం పక్కకు పెట్టి కాగితం పెన్ను తీసిన, మొదట్ల చెయ్యాల్సిన పని అది. కంప్యూటర్లు నెట్ మీద టైమ్ కలుపుకునే పద్ధతి, ఎన్‌టీపీ అనేది, 1985ల అమెరికాల డేవిడ్ మిల్స్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిండు, ఇప్పటికీ లెక్క అదే. మన కంప్యూటర్ టైమ్ రాసి ప్యాకెట్ పంపుతది, సర్వర్ తనకు అందిన టైమ్, తిరిగి పంపిన టైమ్ రాసి ఇస్తది, పోయిరావడానికి పట్టిన దాంట్ల సగం పోవుడుకు సగం వచ్చుడుకు అనుకొని తేడా తీస్తది. మన హాట్‌స్పాట్‌ల సగం సగం ఉండదు, ఎవడో పెండ్లి వీడియో వాట్సాప్‌ల పంపుతుంటే పోవుడుకు 150 మిల్లీసెకన్లు, వచ్చుడుకు 30 పడుతది, అప్పుడు 60 మిల్లీసెకన్లు తప్పు లెక్క వస్తది. కానీ ఎంత దరిద్రపు నెట్ అయినా ఆ తప్పు మొత్తం ప్రయాణంల సగం దాటదు, ఇక్కడ మొత్తం 180, అంటే 90 దాటదు. నాకు కనబడుతున్నది 43 సెకన్లు. ఇది నెట్ చేసే పని కానే కాదు, బామ్మర్దికి అప్పుడే చెప్పాల్సింది.

మరి గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ రాయా? ఎండకాలం మా రూమ్ పెనం లెక్క కాలుతది, వేడికి రాయి తప్పు నడుస్తది అది నిజమే, కానీ మామూలు రాయి తప్పు నడిస్తే పది లక్షలకు ఓ ఇరవై ముప్పై పాళ్లు, అంటే రోజుకు రెండు సెకన్ల మీద కొంచెం. ఇక్కడ గంటల 43 సెకన్లు పోతున్నయ్, నూటికి ఒకటి కంటే ఎక్కువ, అట్ల నడిచే రాయి ఉండదు. కెర్నల్, అంటే లైనక్స్ గుండె, ఏ గడియారం వాడుతున్నదో కూడ చూసిన, ప్రాసెసర్ లోపలి టీఎస్‌సీనే, దాన్ని అన్‌స్టేబుల్ అని పక్కకు నూకలే. అంటే మెల్లగ జరిగేది కాదు, ఎవరో పట్టుకొని ఒక్కసారే గుంజుతున్నరు.

ఆ రాత్రి ఓ చిన్న లూప్ రాసి, నిమిషానికోసారి టైమ్, దాని కింద టైమ్ సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్ (క్రోనీసీ ట్రాకింగ్ కొడితే) చెప్పేది ఒక ఫైల్ల రాయమని పెట్టి పండుకున్న. పొద్దున చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవలే. 11:16 రెండుసార్లు ఉంది. 12:16 రెండుసార్లు ఉంది. 1:16 రెండుసార్లు. ప్రతి గంటకు 17వ నిమిషం కాంగనే గడియారం 43 సెకన్లు వెనక్కి దుంకుతున్నది, పావుగంటల మెల్లగ మల్ల సక్కగ అయితున్నది. జర్నల్ లాగ్ తీస్తే క్రోనీ పాపం గంటగంటకు మొత్తుకుంటనే ఉంది, బ్యాక్‌వర్డ్ టైమ్ జంప్ డిటెక్టెడ్ అని. నేను చూస్తే కద.

17వ నిమిషం అంటే ఉబుంటు, డెబియన్ వాడేటోళ్లకు వెంటనే తడుతది, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌ల గంటకోసారి చేసే పనులన్ని సరిగ్గ గంట దాటిన 17వ నిమిషంకు మొదలైతయి. ఈటీసీ కింద క్రాన్ డాట్ అవర్లీ ఫోల్డర్ తెరిస్తే "samayam" అని ఒక ఫైల్. దాంట్ల పని చేసేది ఒక్కటే లైన్, హెచ్‌డబ్ల్యూక్లాక్ హెచ్‌సీటూసిస్, అంటే బోర్డు మీది గడియారం చూసి కంప్యూటర్ టైమ్ పెట్టు అని. రాసినోడు నేనే. రెండేండ్ల కింద యూపీఎస్ చెడిపోయి, కరెంటు పొయ్యొచ్చినప్పుడల్ల టైమ్ ఆగమాగమైతే ఎక్కడనో చదివి పెట్టి మర్చిపోయిన.

మరి రెండేండ్లు ఎందుకు తెలవలే అంటే, అప్పుడు టైమ్ చూసుకునేది సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ, అది నెట్ టైమ్ తోటి కుదిరినంత సేపు కెర్నల్ 11 నిమిషాలకోసారి బోర్డు గడియారాన్ని కూడ సరి చేసేది, సరైన టైమ్‌నే తెచ్చి మల్ల పెడితే తేడా ఏముంటది. ఫిబ్రవరి ఆఖర్ల నేను హాట్‌స్పాట్‌కు క్రోనీ మంచిగుంటదని అది పెట్టి, దానితోటి వచ్చిన సెట్టింగుల ఫైల్ పారేసి నా తెలివితోటి ఐదు లైన్లది రాసుకున్న. దాంట్ల, బోర్డు గడియారాన్ని కూడ సరి చేయించే ఆర్‌టీసీసింక్ అనే లైన్ లేదు. అప్పటి సంది బోర్డు గడియారం దాని ఇష్టం, రోజుకు రెండు సెకన్లు వెనకబడుకుంట పోయింది, నా స్క్రిప్ట్ గంటగంటకు ఆ తప్పు టైమ్‌ను తెచ్చి నెత్తిన పెట్టింది. సెల్లు మార్చినంక బాగైందనుకున్నది కూడ ఇదే, చేత్తోటి టైమ్ పెట్టిన కాబట్టి మల్ల సున్నా నుంచి మొదలైంది, అంతే. మూడు వారాలంటే 21 రోజులు, రోజుకు రెండు చొప్పున 42, లెక్క ఎంత ముచ్చటగ కలిసిందో.

మావాన్ని ఎందుకు తిట్టిన్నో కూడ అప్పుడు తెలిసింది. క్రోనీ మొదలైనంక మొదటి మూడుసార్లు తప్ప గడియారాన్ని దుంకించదు, వేగం పెంచి అందుకుంటది, ఎక్కువల ఎక్కువ పన్నెండుకు ఒక పాలు, అంటే మా ఇంట్ల ఆ కాసేపు నిమిషానికి 65 సెకన్లు. 43 సెకన్లు పూడ్చనీకి తొమ్మిది నిమిషాలు. నేను కండ్లద్దాలు దొరకపట్టేలోపు అంతా సక్కగ అయిపోయేది. తత్కాల్ టికెట్లు కూడ ఏసీది పదింటికి, స్లీపర్‌ది పదకొండింటికి తెరుస్తరు, రెండూ 17వ నిమిషంకు దూరమే, అందుకే టికెట్లు చేసేటప్పుడు ఈ తప్పు ఎప్పుడూ బయటపడలే.

ఇంకో మాట చెప్తే నవ్వుతరు. ఆ ఫోల్డర్ల పేరు మధ్యల చుక్క ఉన్న ఫైళ్లను క్రాన్ ముట్టదు. అందరి లెక్క చివర్ల డాట్ ఎస్‌హెచ్ అని పెట్టి ఉంటే ఈ రెండేండ్లల ఒక్కసారి కూడ నడవకపోవు.

ఫైల్ తీసేసిన, ఆర్‌టీసీసింక్ లైన్ పెట్టిన, క్రోనీని ఒకసారి రీస్టార్ట్ చేసిన, పది నిమిషాల పని కూడ కాదు. ఇప్పుడు క్రోనీ చూపించే తేడా ఒక మిల్లీసెకన్ లోపలనే ఉంటున్నది, హాట్‌స్పాట్ మీదనే. విప్పి పక్కన పెట్టిన పాత సెల్లును మా ఆవిడ వంటింట్ల చిన్న తూకం మిషన్‌ల వేసింది, నెల దాటింది, మంచిగనే నడుస్తున్నది.