అడవి దక్కిన కోరు కునుకు తీస్తుంది

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటున్న ఊరు సిరోంచ. దాని వరదను కంప్యూటర్ మోడల్‌తో లెక్క కట్టేటప్పుడు ప్రాణహిత ఒక్కటే ఉంటే సరిపోదు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు ప్రాణహితను ఎదురు తన్నుతుంది. మోడల్ దిగువ హద్దును సంగమం దగ్గరే తెగ్గోస్తే ఆ పోటు లెక్కలోకే రాదు. అప్పుడు కోర్లు (కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగాలు) పెంచితే తప్పుడు జవాబే తొందరగా వస్తుంది. హద్దు మేడిగడ్డ బ్యారేజీకి బాగా దిగువన ఉండాలి.

మోడల్ నేలను చదరపు గడులుగా కోసి, కాలాన్ని చిన్న చిన్న టైమ్‌స్టెప్పులుగా లెక్కిస్తుంది. ఆ నేల 40 కి.మీ. పొడవు, 20 కి.మీ. వెడల్పు అనుకుందాం. 30 మీటర్ల గడులైతే సుమారు 8.9 లక్షలు, 10 మీటర్లవైతే 80 లక్షలు. గడులు 9 రెట్లే, పని మాత్రం 27 రెట్లు. ఎందుకంటే ఒక్క టైమ్‌స్టెప్పులో అల గడిని దాటిపోకూడదు, గడి మూడో వంతైతే స్టెప్పులు మూడు రెట్లవుతాయి. 15 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు 12 మీటర్లు, ప్రవాహం ఓ 3. పది మీటర్ల గడికి స్టెప్పు 0.66 సెకన్లు మించకూడదు, భద్రంగా 0.46 పెడతాం. మూడు రోజుల వరదకు 5.6 లక్షల స్టెప్పులు.

ముక్కలు చేసి కోర్లకు పంచితే, ప్రతి ముక్క చుట్టూ పక్క ముక్క గడుల నకలు ఒక వరుస ఉండాలి, పొలానికి గెట్టులాగ. కోర్ల మధ్య సమాచారం చేరవేసే ఎంపీఐ ఆ గెట్టులోని విలువలను ప్రతి స్టెప్పులో ఇచ్చిపుచ్చుకునేలా చేస్తుంది. 8 ముక్కలైతే ఒక్కోదాంట్లో 10 లక్షల గడులకు అంచు 4 వేలే. 256 చేస్తే 31 వేలకు 700, అంటే పనితో పోలిస్తే మార్పిడి భారం పెరుగుతుంది.

అసలు దెబ్బ సమాన విస్తీర్ణంతో పంచడంలో ఉంది. పొడి గడికి పనేం ఉండదు. అడవి దక్కిన కోరు కునుకు తీస్తుంటే సంగమం దక్కింది చెమటోడుస్తుంది, స్టెప్పు చివర అందరూ దానికోసం ఆగాల్సిందే. ముందు ముతక గడులతో ఒకసారి నడిపి, ఏ గడి ఎన్ని గంటలు తడిసిందో చూసి, ఆ గంటలనే బరువులుగా, పనిని సమానంగా ముక్కలు చేసే మెటిస్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి.

కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల పటం 2011-15 నాటి రాడార్ కొలత. రాడార్‌కు కనిపించేది నీటి పైభాగమే, ఏటి అడుగు కాదు. 2019 నాటి మేడిగడ్డ బ్యారేజీ అందులో ఉండదు. అడుగును అడ్డుకోత కొలతలతో (ఏటికి అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డుకు తీసిన లోతులతో) చెక్కాలి. అక్కడ దశాంశం జారి 60 మీటర్ల గుంట పడి నీళ్లు నిండాయంటే, లోతుతో అల వేగం పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క గడి వల్ల 80 లక్షల గడుల స్టెప్పూ దాదాపు సగమవుతుంది. రన్ నత్తనడక పట్టిందా, కోర్లు పెంచకండి. అతి చిన్న స్టెప్పు ఏ గడిలో వస్తోందో ప్రింట్ చేయండి.

కోర్ల సంఖ్య మారిస్తే కూడికల వరుస మారి చివరి అంకెలు కదులుతాయి. మిల్లీమీటర్లలో తేడా మామూలే. జానెడు వచ్చిందంటే గెట్టు మార్పిడిలో ఎక్కడో తప్పుంది.