సేవ్ చేయకుండానే పోల్చి చూడాల్సి వచ్చింది: నా అనుభవం

ఒక యాప్‌లో కనిపించే తెలుగంతా చూసుకోవడం నా ఉద్యోగం. బటన్ మీద ఏ మాట ఉండాలి, ఓటీపీ తప్పు కొడితే ఏం చెప్పాలి, ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. మొన్న రిలీజ్‌కి ముందు టెస్టింగ్ టీమ్‌లోని అమ్మాయి చాట్‌లో రెండు పేరాలు పంపింది. "అక్కా, పైది మీరు ఓకే చేసింది, కిందది స్క్రీన్ మీద వస్తున్నది. రెండూ వేరంటూ టెస్ట్ ఫెయిలవుతోంది. నాకైతే తేడా ఏమీ కనిపించట్లేదు."

నాకూ కనిపించలేదు. అక్షరం అక్షరం చదివాను, వత్తులతో సహా. అదే వాక్యం, అదే విరామం. ఫాంట్ మార్చి చూసినా అంతే.

ఇలాంటప్పుడు మా ఆఫీసులో మామూలుగా చేసేదేమిటంటే, రెండు ముక్కల్నీ రెండు ఫైళ్లుగా డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, పోల్చే టూల్‌కి ఇవ్వడం. డెస్క్‌టాప్ నిండా ఎ1, ఎ2, కొత్తది, కొత్తది ఫైనల్ అని ఫైళ్లు పేరుకుపోవడం ఒక చికాకు. దానికి మించిన చిక్కు ఇంకొకటి ఉంది. సేవ్ చేసేటప్పుడు ఎడిటర్ మన టెక్స్ట్‌ని ఉన్నదున్నట్టు ఉంచుతుందన్న నమ్మకం లేదు. మా టీమ్ వాడే విఎస్ కోడ్ అనే ఎడిటర్ సెట్టింగ్స్‌లో, సేవ్ కొట్టగానే వరుస చివరి ఖాళీలు కత్తిరించడం, ఫైలు చివర ఒక కొత్త వరుస చేర్చడం ఆన్ చేసి ఉన్నాయి. విమ్ అనే ఇంకో ఎడిటర్ కూడా ఫైలు రాసేటప్పుడు చివరి వరుసకు ముగింపు లేకపోతే తనంతట తానే పెడుతుంది. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా, అంటే తెలుగక్షరాలు పట్టని పాత పద్ధతిలో, సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలే మిగిలేవి. తేడా ఎక్కడుందో తెలియకముందే సేవ్ చేయడమంటే, వేలిముద్రలు తీయకముందే గది ఊడ్చేసినట్టు.

ఆన్‌లైన్‌లో పేస్ట్ చేసి పోల్చే సైట్లు బోలెడున్నాయి కానీ, ఆఫీసు టెక్స్ట్ బయటి సైట్లో వేయడం నాకు ఇష్టం లేదు, మా దగ్గర కుదరదు కూడా.

విఎస్ కోడ్‌లో కంట్రోల్ షిఫ్ట్ పి నొక్కి 'కంపేర్ న్యూ అన్‌టైటిల్డ్ టెక్స్ట్ ఫైల్స్' అని వెతికితే, పక్కపక్కనే రెండు ఖాళీ గళ్లు తెరుచుకుంటాయి. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి పేస్ట్ చేస్తే చాలు, పేరు అడగదు, ఫోల్డర్ అడగదు. ఒక ముక్క అప్పటికే తెరిచి ఉంటే ఇంకా తేలిక. రెండోది కాపీ చేసుకుని, కంట్రోల్ కె నొక్కి ఆ తర్వాత సి కొడితే క్లిప్‌బోర్డ్‌లో ఉన్నదానితో పోల్చి చూపిస్తుంది. రెండో పద్ధతే నేను ఎక్కువ వాడతాను.

పేస్ట్ చేయగానే పేరా అంతా రంగు తేలింది. ఇలా తేడాలు చూపించే డిఫ్ అనేది 1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం పుట్టిన పనిముట్టు, వరుసను ఒక యూనిట్‌గా తీసుకుని పోల్చుతుంది. కోడ్‌కి అది సరిపోతుంది. మన పేరా అంతా ఒకే పొడవాటి వరుస కాబట్టి కలగాపులగంగా కనిపిస్తుంది. రెండు వైపులా ప్రతి వాక్యం తర్వాత ఎంటర్ కొట్టి విడగొట్టాను. సేవ్ చేయని గళ్లు కాబట్టి ఏం విరగ్గొట్టినా భయం లేదు.

ఇప్పుడు రెండు వాక్యాలే మిగిలాయి. ఒకదాంట్లో 'లాగిన్' అన్న మాట దగ్గర, ఇంకోదాంట్లో 'సైన్' దగ్గర రంగు. కళ్లు చికిలించి చూసినా రెండు వైపులా అవే మాటలు. ఈలోగా ఇంకో సంగతి గుర్తొచ్చి సెట్టింగ్ మార్చాను. విఎస్ కోడ్ పోల్చేటప్పుడు వరుస మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీల తేడాల్ని మామూలుగా పట్టించుకోదు, మనం అడిగితేనే చూపిస్తుంది. అడిగితే మూడో వాక్యం కూడా వెలిగింది, చివర ఒక స్పేస్ ఎక్కువ. అది చిన్నదే. మిగతా రెండే తేలాలి.

అక్కడ విమ్ పనికొచ్చింది. విమ్‌లో ఒక ముక్క పేస్ట్ చేసి, కోలన్ 'వి న్యూ'తో పక్కన ఇంకో కిటికీ తెరిచి అందులో రెండోది వేసి, రెండింటినీ పోల్చమని 'విన్‌డూ డిఫ్‌దిస్' అన్నాను. టెర్మినల్‌లో తెలుగు ఘోరంగా కనిపిస్తుంది, వత్తులు ఎక్కడో, గుడులు ఎక్కడో. కానీ ఆ ఘోరమే ఇక్కడ మేలు చేసింది. ఒక వైపు 'లాగిన్' పక్కనే, కోణపు బ్రాకెట్ల మధ్య 200సి అని స్పష్టంగా కనిపించింది. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో అది ఒక అక్షరం నంబరు. జీరో విడ్త్ నాన్ జాయినర్! పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనపడని అక్షరం. మాట చివర దానికి పనే లేదు, తర్వాత వచ్చేది ఖాళీయే కదా. అయినా వార్తల సైట్లలో 'హైదరాబాద్' లాంటి మాటల చివర ఇది తరచూ తగులుతుంది, కాపీ చేస్తే మనతో పాటే వచ్చేస్తుంది.

'సైన్' సంగతి వేరు. 'సై' మీద కర్సర్ పెట్టి జి, ఎ కొడితే విమ్ లోపలి కోడ్‌లు చూపిస్తుంది. ఒక వైపు స తర్వాత 0సి48, అంటే ఐత్వం ఒకే ముక్కగా. ఇంకో వైపు 0సి46, 0సి56, అంటే ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు విడివిడిగా. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, తెర మీదా ఒకేలా కనిపిస్తాయి. టెస్ట్ ప్రోగ్రామ్‌కి మాత్రం ఒకటి కాదు.

డెవలపర్‌కి చెప్తే, "నార్మలైజ్ చేసేస్తే సరిపోతుంది మేడం" అన్నాడు. నార్మలైజ్ అంటే ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు పద్ధతుల్ని ఒకే పద్ధతికి తేవడం. ఐత్వం విషయంలో అతనన్నది నిజమే, అందులో ఒక రకమైన ఎన్ఎఫ్‌సి చేస్తే రెండు ముక్కలూ కలిసి 0సి48 అయిపోతాయి. 200సి మాత్రం అలాగే ఉండిపోతుంది. "అయితే ఆ 200సిలన్నీ ఎగరగొట్టేద్దాం" అన్నాడు వెంటనే. అబ్బాయిది కన్నడ, తెలుగు మాట్లాడతాడు గానీ చదవడు. మాటలతో వాదించడం దండగని మళ్లీ రెండు ఖాళీ గళ్లు తెరిచాను. ఎడమ వైపు మా ఫైల్లోని ఓ పది వరుసలు, కుడి వైపు అవే వరుసలు, 200సి అంతా తీసేసి. 'అప్‌డేట్' కాస్తా 'అప్డేట్' అయింది, 'సాఫ్ట్‌వేర్' 'సాఫ్ట్వేర్' అయి మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అది చూశాక ఇంకేం మాట్లాడలేదు. ఆపైన, 200సి తర్వాత తెలుగక్షరం రాని చోట, అంటే ఖాళీ, విరామచిహ్నం ముందు గానీ, వరుస చివర గానీ ఉన్నవాటిని మాత్రమే తీసే చిన్న రూల్ రాశాడు. దాని ఫలితాన్నీ అవే గళ్లలో సరిచూసుకుని ఓకే అన్నాను.

ఒక హెచ్చరిక. సేవ్ చేయలేదు కదా, డిస్క్ మీద ఏమీ ఉండదనుకోవద్దు. విఎస్ కోడ్ గానీ, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ గానీ, మూసి తెరిచినా టెక్స్ట్ పోకుండా తమ దగ్గర ఒక కాపీ దాచుకుంటాయి. కస్టమర్ల వివరాలున్న ముక్కలైతే పోల్చడం అయ్యాక ఆ ట్యాబ్‌లు సేవ్ వద్దని చెప్పి మూసేయాలి. క్లయింట్ మెషీన్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఒక్కటే ఉంటే, కంపేర్‌ప్లస్ అనే ప్లగిన్ 'న్యూ 1', 'న్యూ 2' ట్యాబ్‌లని కూడా పోల్చిపెడుతుంది.

టెస్ట్ పాసైంది, రిలీజ్ వెళ్లిపోయింది. సర్వర్ నుంచి వచ్చే ఊళ్ల పేర్లలో ఇదే గొడవ ఇంకా ఉంది. అది వేరే టీమ్ చేతిలో ఉంది, టికెట్ వేసి రెండు గళ్ల స్క్రీన్‌షాట్ జత చేశాను.