ఓనగావా ఎత్తు, ఫుకుషిమా ఎత్తు, మన కొవ్వాడ

2011 మార్చి 11 మధ్యాహ్నం జపాన్ ఈశాన్య తీరానికి ఆవల సముద్రగర్భంలో వచ్చిన 9.0 తీవ్రత గల భూకంపానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న అణు విద్యుత్ కేంద్రం పెద్ద ప్రమాదం జరిగిన ఫుకుషిమా దాయిచీ కాదు, దానికి ఉత్తరాన మియాగి ప్రాంతంలో ఉన్న ఓనగావా. అక్కడికీ దాదాపు 13 మీటర్ల సునామీ వచ్చింది. అయినా అక్కడి మూడు రియాక్టర్లూ క్షేమంగా ఆగాయి. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మూడు వందల మందికి పైగా ఆ కేంద్రం ఆవరణలోని వ్యాయామశాలలోనే తలదాచుకున్నారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉన్న మనం ఈ సంగతి తెలుసుకోవాలి. అణు విద్యుత్తు భద్రత మీద మన పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఫుకుషిమా పేరు లెక్కలేనన్ని సార్లు వినిపిస్తుంది గానీ, ఓనగావా పేరు ఎత్తేవారు అరుదు. ఎత్తితే రెండు పక్షాలకూ ఇబ్బందే మరి. అణు కేంద్రమంటేనే ప్రమాదమనే వాదనకు అది అడ్డం వస్తుంది. అంత పెద్ద సునామీని ఎవరూ ఊహించలేరనే సమర్థనకూ అడ్డం వస్తుంది.

ఓనగావాను కాపాడింది ప్రధానంగా దాని నేల ఎత్తు. ఆ కేంద్రాన్ని తలపెట్టిన రోజుల్లో, తోహోకు ఎలక్ట్రిక్ కంపెనీలో ఉపాధ్యక్షుడిగా పనిచేసిన హిరాయి యానోసుకే అనే ఇంజనీరు, 869వ సంవత్సరంలో ఆ తీరాన్ని ముంచిన జోగన్ సునామీని గుర్తుచేసి, నేల మట్టం 14.8 మీటర్లకు తగ్గకూడదని పట్టుబట్టారని చెబుతారు. దాయిచీలో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. అక్కడ సహజంగానే 35 మీటర్ల ఎత్తున్న గుట్ట ఉండేది. సముద్రపు నీటిని తోడడం తేలికవుతుందని, కింద గట్టి రాతినేల దొరుకుతుందని దాన్ని 10 మీటర్ల ఎత్తు మిగిలేదాకా తవ్వేసి, మొదటి నాలుగు యూనిట్లనూ అక్కడ కట్టారు. 1960నాటి చిలీ సునామీ ఆ తీరంలో నమోదైన మట్టాన్నే కొలతగా తీసుకుని 3.1 మీటర్ల అలకు సరిపడా రూపకల్పన చేశారు. 2002లో ఆ అంకెను 5.7 మీటర్లకు పెంచారు. అదే ఏడాది ప్రభుత్వ భూకంప పరిశోధన విభాగం, ఆ తీరానికి ఆవల ఉన్న సముద్రగర్భ అగాధం పొడవునా ఎక్కడైనా పెద్ద సునామీ పుట్టవచ్చునని ప్రకటించింది. దాని ఆధారంగా 2008లో దాయిచీని నడిపే టెప్కో కంపెనీ లోపల వేసుకున్న లెక్కలో 15.7 మీటర్లని తేలింది. ఆ లెక్కను ఇంకా పరిశీలించాలని సివిల్ ఇంజనీర్ల సంఘానికి అప్పగించారు, గోడ మాత్రం కట్టలేదు. ఆ అంకె నియంత్రణ సంస్థ బల్ల మీదికి చేరింది 2011 మార్చి 7న, అంటే సునామీకి నాలుగు రోజుల ముందు.

తరువాత జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చర్చలన్నీ ఇక్కడే దారి తప్పుతున్నాయి. భూమి కంపించగానే నడుస్తున్న 1, 2, 3 రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయి. మిగిలిన మూడూ అప్పటికే తనిఖీల కోసం ఆపి ఉన్నాయి. అయితే అణువిచ్ఛిత్తి ఆగినంత మాత్రాన వేడి ఆగదు. కట్టెల పొయ్యిలో మంట ఆర్పినా నిప్పులు కణకణలాడుతూనే ఉన్నట్టు, విచ్ఛిత్తిలో పుట్టిన మూలకాలు క్షీణిస్తూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన తొలి క్షణాల్లో అది పూర్తి ఉష్ణశక్తిలో 6, 7 శాతం ఉంటుంది. ఒక రోజు గడిచాక అర శాతం దగ్గరికి దిగుతుంది. 2, 3 యూనిట్లలో ఆ అర శాతమంటేనే 10 మెగావాట్లకు పైమాట. దాన్ని లాగేయడానికి నీళ్లు తిరుగుతూ ఉండాలి, నీళ్లు తిరగడానికి చాలావరకు కరెంటు కావాలి. భూకంపానికి బయటి గ్రిడ్ లైన్లు పోయాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి, ముప్పావు గంట దాటాక వచ్చిన సునామీ వాటిలో చాలావాటినీ, కరెంటును పంచే స్విచ్ బోర్డులనూ నేలమాళిగల్లోనే ముంచేసింది. మీటర్లు చూడడానికి సిబ్బంది కార్ల బ్యాటరీలు పీకి తెచ్చుకోవలసి వచ్చింది. నీరు మరిగి ఇంధనం బయటపడి, వేడెక్కిన ఇంధన కడ్డీల జిర్కోనియం లోహపు తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను పుట్టించింది. 12న 1వ యూనిట్ భవనం, 14న 3వది, 3వదాని నుంచి గొట్టాల ద్వారా హైడ్రోజన్ చేరడంతో 15న 4వది పేలాయి. టీవీలో మనందరం చూసిన ఆ పేలుళ్లు అణుబాంబు పేలుడు వంటివని ఇప్పటికీ నమ్మేవారున్నారు. అవి హైడ్రోజన్ వాయువు పేలుళ్లు.

అదే ఆవరణలో 13 మీటర్ల మట్టం మీద కట్టిన 5, 6 యూనిట్లు బతికిపోయాయి. 6వ యూనిట్‌కు చెందిన, గాలితో చల్లబడే ఒక్క డీజిల్ జనరేటర్ పనిచేస్తూ ఉండిపోవడం వాటిని కాపాడింది. దక్షిణాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఫుకుషిమా దాయినీలో బయటి లైను ఒకటి మిగిలింది. సిబ్బంది 9 కిలోమీటర్ల పొడవున బరువైన కేబుళ్లను చేతులతో మోసి పరిచి, నాలుగు రియాక్టర్లనూ చల్లార్చగలిగారు.

ఈ వివరాలన్నీ చూసినవారికి ప్రశ్న అణు సాంకేతికత మంచిదా చెడ్డదా అన్నది కాదని, నీరు ఎంత ఎత్తుకు వస్తుందన్న అంకెను ఎవరు వేశారు, ఎవరు దాచారు, ఎవరు అడగలేదు అన్నదని అర్థమవుతుంది. జపాన్ పార్లమెంటు నియమించిన స్వతంత్ర కమిషన్ కూడా, కురోకావా కియోషి అధ్యక్షతన 2012 జూలైలో ఇచ్చిన నివేదికలో, ఇది మనుషుల చేతలవల్ల జరిగిన విపత్తేనని తేల్చింది. అప్పటి నియంత్రణ సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక, పరిశ్రమల మంత్రిత్వశాఖ కిందనే ఉండేది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో దాన్ని రద్దుచేసి వేరే సంస్థను పెట్టారు. కానీ వీధిలో జరిగిన చర్చ మాత్రం ఉండాలా వద్దా అన్న రెండు మాటల చుట్టూనే తిరిగింది. 2012 వేసవిలో ప్రతి శుక్రవారం సాయంత్రం టోక్యోలో ప్రధాని నివాసం ముందు వేలమంది నిలబడ్డారు. జర్మనీ తన కేంద్రాలను మూసే గడువును ముందుకు జరిపి, 2023 ఏప్రిల్‌లో చివరి మూడింటినీ ఆపేసింది. టెప్కో మాజీ అధికారుల బాధ్యతపై కోర్టులు ఒక మాట మీద నిలబడలేదు. క్రిమినల్ కేసులో వారు నిర్దోషులయ్యారు. 2022లో టోక్యో జిల్లా కోర్టు నలుగురిని 13 లక్షల కోట్ల యెన్‌లకు పైగా చెల్లించమంది. 2025లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ సునామీని ముందే ఊహించగలిగేవారా లేదా అన్నదే అన్ని తీర్పుల్లోనూ కీలకం. 15.7 అనే అంకె కాగితం మీద ఉన్నా ఊహించలేకపోయారనడం నాకు మాత్రం మింగుడుపడదు.

ప్రాణనష్టం విషయంలో రెండు పక్షాలూ పాఠకులను మోసం చేస్తున్నాయనే నా అభిప్రాయం. భూకంపం, సునామీ కలిసి బలిగొన్న 18,000 మందికి పైగా ప్రజలను అణు ప్రమాదం ఖాతాలో కలిపేసే పోస్టులు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, అది అబద్ధం. రేడియేషన్‌కు నేరుగా ముడిపెట్టదగిన ఆరోగ్య ప్రభావాలేవీ అక్కడి ప్రజల్లో నమోదు కాలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ చెప్పింది. ఊపిరితిత్తుల కేన్సర్‌తో మరణించిన ఒక కార్మికుడి విషయంలో మాత్రం ప్రభుత్వం 2018లో పరిహారానికి అర్హత గుర్తించింది. ఇంతవరకు చెప్పి, అంటే ఎవరూ చనిపోలేదన్నమాట, అని ముగించే సమర్థకుల మాట కూడా అంతే తప్పు. ఫుకుషిమా ప్రాంతంలో విపత్తు అనంతర కారణాలతో చనిపోయినవారిగా ప్రభుత్వమే 2,300 మందికి పైగా గుర్తించింది. అక్కడ సునామీ నేరుగా చంపినవారి సంఖ్య కంటే ఇది ఎక్కువ. వారిలో అత్యధికులు వృద్ధులు. మందులూ సెలైన్లూ లేకుండా గంటల తరబడి బస్సుల్లో తిప్పిన మంచం పట్టిన రోగులున్నారు, ఏళ్ల తరబడి తాత్కాలిక గదుల్లో కుంగిపోయినవారున్నారు. నమియే పట్టణం నుంచి చాలామంది వాయవ్యంగా ఉన్న త్సుషిమా వైపు వెళ్లి తలదాచుకున్నారు. రేడియోధార్మిక ధూళి వీచింది సరిగ్గా ఆ దిక్కుకే. ధూళి ఎటు పోతుందో అంచనా వేసే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, దాని ఫలితాలను మాత్రం ఆ రోజుల్లో ప్రజలకు చెప్పలేదు.

రియాక్టర్ కంటే రోడ్డు ముఖ్యమైన సందర్భాలుంటాయని 2024 జనవరి 1న మళ్లీ తెలిసింది. జపాన్‌లోని నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అక్కడి షికా అణు కేంద్రం 2011 నుంచీ ఆగే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిని నూనె కారింది, వాడిన ఇంధనం ఉంచిన కొలను నుంచి నీళ్లు చిందాయి, అంతకుమించి పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. కానీ పారిపోవడానికి రాసిపెట్టుకున్న ప్రణాళికలోని రోడ్లు కొండచరియలు పడి తెగిపోయాయి. తలుపులు మూసుకుని లోపలే ఉండండి అని చెప్పడానికి చాలా ఊళ్లలో నిలబడిన ఇళ్లు లేవు. రేడియేషన్ కొలిచే స్తంభాల్లో పలుచోట్ల నుంచి సమాచారం రావడం ఆగిపోయింది. ఆ ద్వీపకల్పం కొసన, భూకంప కేంద్రానికి బాగా దగ్గరగా ఉన్న సుజులో కూడా ఒక కేంద్రం కట్టాలని మూడు విద్యుత్ కంపెనీలు ప్రయత్నించాయి. స్థానికుల ఏళ్లనాటి వ్యతిరేకత తర్వాత 2003లో ఆ ఆలోచన అటకెక్కింది. అభివృద్ధికి అడ్డం పడేవాళ్లని అప్పట్లో ముద్రవేయించుకున్న ఆ పల్లెజనం పట్టుదలను 2024 తర్వాత జపాన్ పత్రికలు కొత్తగా తలచుకున్నాయి.

మన దేశంలో ఈ చర్చ ఊపందుకుంది కూడా 2011లోనే. తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రం దగ్గరి ఇడిందకరై మత్స్యకారుల ఆందోళన నెలల తరబడి సాగి, 2013 మేలో సుప్రీంకోర్టు షరతులతో అనుమతించడంతో చట్టపరంగా ఒక కొలిక్కి వచ్చింది. సునామీ పుట్టే సుమత్రా అగాధం మనకు చాలా దూరమని, అల చేరడానికి రెండు గంటలకు పైగా పడుతుందని అధికారులు చెప్పే మాట నిజమే. 2004 డిసెంబర్ 26న అదే రాష్ట్రంలోని కల్పాక్కం అణు కేంద్రంలో సముద్రపు నీరు పంపుల గదిలోకి వచ్చినా, నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగానే ఆపారు. అయితే మన దగ్గర కరెంటు పోవడానికి సునామీయే అక్కర్లేదు. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ బ్లేడ్ విరిగి మంటలు చెలరేగి, ఆ కేంద్రం గంటల తరబడి పూర్తి చీకట్లో ఉండిపోయింది. అగ్నిమాపక డీజిల్ పంపుల నీళ్లే అప్పుడు దిక్కయ్యాయి. నియంత్రణ సంస్థకు చట్టబద్ధమైన స్వతంత్రత లేదని కాగ్ 2012లోనే ఎత్తిచూపింది. దాన్ని సరిదిద్దుతామంటూ 2011లో లోక్‌సభలో పెట్టిన బిల్లు ఆ సభ గడువుతో పాటే మురిగిపోయింది.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ గురించి నేను ఆలోచించేది ఈ నేపథ్యంలోనే. అక్కడ అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ1000 రకం రియాక్టర్లు ఆరు పెడతామన్నది ప్రతిపాదన; మొదట గుజరాత్‌లోని మీఠీ విర్ది కోసం అనుకున్నవాటిని ఇక్కడికి మార్చారు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. పైన ట్యాంకులో ఉంచిన నీరు తన బరువుకు తానే దిగేలా, కరెంటు లేకున్నా 72 గంటలు చల్లబడేలా రూపొందించిన రియాక్టర్ ఇది. దాయిచీలో 1970లలో నడక మొదలుపెట్టిన వాటితో దీన్ని ఒక గాటన కట్టడం కుదరదు. అందుకని నేను కొవ్వాడను గుడ్డిగా వ్యతిరేకించను. నాకు అర్థం కానిది, ఇన్నేళ్లుగా అక్కడ జరిగిన మాటల్లో ఎకరానికి ఎంత, కుటుంబానికి ఎంత, ఎన్ని మెగావాట్లు అన్నవి వినిపించినంతగా 73వ గంట గురించి ఎందుకు వినిపించలేదన్నది.

ఎందుకంటే ఆ తీరపు విపత్తు భూకంపం కాదు, తుపాను. 1977 నవంబర్‌లో దివిసీమను ముంచిన ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో చూసినవారు ఇంకా బతికే ఉన్నారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక, పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనంలో నేనూ ఒకణ్ణి. అంత పెద్ద నగరానికే అలా ఉంటే పల్లెలకు డీజిల్ ట్యాంకర్ ఎప్పుడు చేరుతుందో ఊహించుకోవచ్చు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలి ఊళ్లకు దారులే లేకుండా పోయాయి. కొవ్వాడ చుట్టూ ఉన్నది వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాలు, వలస వెళ్లిన కొడుకుల కోసం ఇళ్లలో మిగిలిన ముసలివాళ్లు. పునాది పడకముందే, ఉప్పెన లెక్కలో తీసుకున్న ఎత్తు ఎంత, ఆ లెక్క వేసినవారెవరు, తుపాను రోజున ఏ ఊరివాళ్లు ఏ రోడ్డు మీదుగా హైవే చేరాలి, మంచం మీదున్నవారిని ఎవరి బండిలో ఎక్కిస్తారు, ఆ రోడ్డు తెగితే రెండో దారి ఏది అన్నవి తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. ఆ తర్వాత ఏటా తుపాను కాలానికి ముందు ఒకసారి నిజంగానే బస్సులు పెట్టి ఆ దారిలో జనాన్ని నడిపించి చూడాలి.