పైపు కొత్తగా కాల్చేవారికి: పొగాకు ఎంపిక, పైపు సంరక్షణ

కొత్తగా పైపు పట్టినవారు కొద్ది వారాలు తిరగకముందే దాదాపు ఒకే రకం ఇబ్బందులు చెబుతారు. నాలుక మండుతుంది, కాడలో (గిన్నెకు ఆనుకుని ఉండే గొట్టంలో) గరగరమని శబ్దం వస్తుంది, గిన్నె (పొగాకు నింపే భాగం) అడుగుకు వచ్చేసరికి పొగ చేదెక్కుతుంది, మాటిమాటికీ నిప్పు ఆరిపోతుంది. వీటికి విడివిడిగా విరుగుడు వెతుకుతూ కొందరు మరింత ఖరీదైన పైపు కొంటారు, కొందరు డబ్బా తర్వాత డబ్బా పొగాకు మారుస్తారు. నేను చూసినంతవరకు ఈ నాలుగింటికీ మూలం ఒక్కటే: తడిగా ఉన్న పొగాకును తొందరతొందరగా కాల్చడం. పొగాకు ఎంపిక, పైపు సంరక్షణ వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి గానీ, రెండింటిలోనూ మనం చేసేది తడినీ వేడినీ అదుపులో ఉంచుకోవడమే.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు కాబట్టి హాని లేదన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదు. పొగను నోట్లోనే ఉంచి వదిలేసినా నికోటిన్ నోటి పొరల ద్వారా రక్తంలో కలుస్తుంది, పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉండనే ఉంటుంది. పొగ అలవాటు లేనివారు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టాలని నేను కోరడం లేదు. ఇప్పటికే పైపు పట్టి దారి తెలియక అవస్థ పడుతున్నవారి కోసమే ఇది రాస్తున్నాను. ఇంట్లో పిల్లలుంటే పొగాకు డబ్బా వారి చేతికి అందకుండా ఉండాలి, వారున్న గదిలో పైపు వెలిగించకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి మన దేశంలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై ఉన్న నిషేధం సిగరెట్‌కు ఎంతో పైపుకూ అంతే వర్తిస్తుంది.

ఇక పైపు సంగతి. పేరున్న పైపుల్లో ఎక్కువ భాగం బ్రయర్ కర్రతో చేసినవే. మధ్యధరా సముద్ర తీరాల్లో, ముఖ్యంగా కోర్సికా, ఇటలీలోని కలాబ్రియా, గ్రీస్, అల్జీరియా ప్రాంతాల్లో పెరిగే బ్రయర్ అనే పొద మొదట్లో, వేరుకూ కాండానికీ మధ్య గడ్డలాంటి బుడిపె పెరుగుతుంది. దాన్ని తవ్వి తీసి, ముక్కలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి, అందులోని పసరూ జిగురూ పోయాక నెలల తరబడి నీడన ఆరబెడతారు. అంత గట్టి కర్ర కాబట్టే నిప్పు పక్కనే ఉన్నా అది అంటుకోదు. లోపలి తేమను కొంత పీల్చుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంది. ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోడ్ పట్టణం పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి ఈ పనికి పేరు పొందింది.

అయితే మొదటి పైపు బ్రయర్‌దే కావాలని లేదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, వాషింగ్టన్ పట్టణంలో 1869 నుంచి మొక్కజొన్న కండెతో పైపులు చేస్తున్నారు. అవి చవక, తేలిక, తేమను బాగా పీల్చుకుంటాయి, మొదటి గిన్నె నుంచే చల్లగా కాలుతాయి. నన్నడిగితే కొత్తవారు ఒక కండె పైపుతో కొంతకాలం గడిపి, తమకు ఏ పొగాకు పడుతుందో తెలుసుకున్నాకే బ్రయర్ మీద డబ్బు పెట్టడం మంచిది. చవకగా దొరికే, లోపల దట్టంగా వార్నిష్ పూసిన అలంకారపు పైపులను మాత్రం కొనవద్దు. ఆ పూత వేడికి మాడి వదిలే పొగ నోటికి మంచిది కాదు. బ్రయర్ కొనేటప్పుడు పైపు క్లీనర్‌ను (లోపల తుడిచేందుకు నూలు చుట్టిన సన్నని తీగ) స్టెమ్ (నోట పెట్టుకునే గొట్టం) కొన నుంచి లోపలికి దూర్చి చూడండి. ఎక్కడా తట్టకుండా అది గిన్నె అడుగున, సరిగ్గా మధ్యలో తేలితే తొలిచిన పని బాగున్నట్టు. రంధ్రం అడుగుకన్నా పైకి ఉంటే కింది పొగాకు ఎప్పటికీ కాలక తడి ముద్దగా మిగిలిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేయనివ్వని దుకాణంలో పైపు కొనకపోవడమే మేలు.

పొగాకు దగ్గరికి వస్తే, పైపు మిశ్రమాల్లో చాలావాటికి వర్జీనియా అనే రకం ఆకు ఆధారం. మన ఒంగోలు, కందుకూరు, కొండపి వైపు వారికీ, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు వారికీ ఈ ఆకు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ ఉండదు. పొలం నుంచి తెచ్చిన పచ్చాకును కర్రలకు కట్టి, ఆకు కాల్చే కొట్టమైన బ్యారన్‌లో వరసలు వరసలుగా, పై నుంచి కింది దాకా వేలాడదీస్తారు. బయటి పొయ్యిలో మంట వేస్తే ఆ వేడి ఇనుప గొట్టాల గుండా బ్యారన్‌లోకి వెళుతుంది. పొగ మాత్రం ఆకును తాకదు. మొదట 35 డిగ్రీల ప్రాంతంలో తేమగా ఉంచి ఆకును పసుపు తిరగనిస్తారు. ఆ దశలోనే ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడిని మెల్లమెల్లగా పెంచి ఆ రంగునూ చక్కెరనూ అలాగే నిలబెట్టి, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకువెళ్లి నడిమి ఈనె కూడా ఆరేలా చేస్తారు. మొత్తం ఐదారు రోజుల పని. రాత్రిళ్లు కూడా ఎవరో ఒకరు మంట కనిపెట్టుకుని ఉండాల్సిందే. కొద్దిగా వేడి తప్పినా ఆకు మాడుతుంది లేదా మచ్చపడుతుంది.

ఈ తతంగమంతా ఎందుకు చెబుతున్నానంటే, వర్జీనియా పైపులో ఎలా ప్రవర్తిస్తుందో ఇందులోనే ఉంది. చక్కెర ఎక్కువ కాబట్టి తియ్యదనం ఉంటుంది, ఎండుగడ్డి వాసన లాంటి పరిమళం ఉంటుంది. ఆ చక్కెర వల్లనే గట్టిగా లాగితే పొగ వేడెక్కి నాలుకను కాలుస్తుంది. నెమ్మదిగా కాల్చగలిగినవారికి వర్జీనియాను మించినది లేదని నా అభిప్రాయం. కానీ ఆ నెమ్మది మొదటి రోజే రాదు. అందుకే కొత్తవారికి నేను బర్లీ అనే రకం పొగాకు ఎక్కువగా ఉన్న మిశ్రమాన్ని సూచిస్తాను. బర్లీని బ్యారన్‌లో కాల్చరు, నీడలో గాలికి వారాల తరబడి ఆరనిస్తారు. ఆ క్రమంలో చక్కెర దాదాపు హరించుకుపోతుంది. రుచి కాస్త చప్పగా, వేయించిన పల్లీల దగ్గరగా ఉంటుంది, కాలడం నిలకడగా ఉంటుంది, నాలుకను అంతగా బాధించదు. నికోటిన్ మాత్రం తక్కువేమీ కాదు కాబట్టి ఖాళీ కడుపుతో కాల్చవద్దు. తల తిరిగినట్టు, వికారంగా అనిపిస్తే వెంటనే పైపు పక్కన పెట్టేయాలి. ఇదే కారణంతో మన చుట్టల పొగాకును నలిపి పైపులో దట్టించే ప్రయత్నం ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతాను. కొత్తవారు దాని ఘాటు తట్టుకోలేరు.

మిగిలినవన్నీ మిశ్రమంలో కొద్దికొద్దిగా కలిపేవే. టర్కీ, గ్రీస్ ప్రాంతాల్లో ఎండలో ఆరబెట్టే చిన్న ఆకుల ఓరియంటల్ పొగాకు పరిమళానికి వేస్తారు. లటాకియా అనే పొగాకును సుగంధపు కట్టెల పొగలో వేలాడదీసి నల్లగా మాగబెడతారు. మన బ్యారన్‌లో పొగ ఆకును తాకకూడదు, అక్కడ పొగే ఆకుకు ప్రాణం. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో సెయింట్ జేమ్స్ పారిష్ అనే జిల్లాలో పీపాల్లో ఒత్తిడి పెట్టి, ఆకు తన రసంలోనే తాను పులిసేలా చేసే పెరీక్ అనే రకం మిరియాల ఘాటుతో ఉంటుంది. వీటిలో ఏది నచ్చుతుందో ఎవరికి వారే చూసుకోవాలి.

దుకాణంలో ముందుగా కంటికి కనిపించేవి వెనిలా, చెర్రీ, రమ్ వంటి సువాసనలు కలిపిన పొగాకులు. మూత తీయగానే గది నిండే వాసన చూసి కొత్తవారు వాటినే ఎంచుకుంటారు. అవన్నీ చెడ్డవని నేను అనను. అయితే ఆ వాసన పట్టి ఉండడానికీ, ఆకు ఎండిపోకుండా ఉండడానికీ చాలావాటిలో తేమను పట్టి ఉంచే పదార్థాలు కలుపుతారు. ఆ తడి వెలిగించగానే ఆవిరిగా మారి నోటికి వస్తుంది. నాలుక మండేది చాలావరకు ఆ ఆవిరితోనే. పైగా డబ్బాలో ఉన్నంత వాసన పొగలో రాదు. అది కాల్చేవారికన్నా పక్కన కూర్చున్నవారికే ఎక్కువగా తెలుస్తుంది. మొదటి డబ్బా సువాసన లేనిదో, చాలా తక్కువగా ఉన్నదో అయితే పొగాకు అసలు రుచి ఏమిటో తెలుస్తుంది.

ఏ పొగాకైనా డబ్బాలోంచి తీసి నేరుగా పైపులో నింపవద్దు. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా అంటుకునే ఉండిపోతే తడి ఎక్కువ. పొడిపొడిగా రాలిపోతే మరీ ఎండిపోయింది. నొక్కినప్పుడు దగ్గరికి వచ్చి, వదలగానే మెల్లగా విచ్చుకుంటూ, తాకితే తడి తెలియకుండా ఉంటే అదే సరైన పదును. పలుచని పొరలుగా అణచిన ఫ్లేక్ రకమైతే ముందు వేళ్లతో విడదీసి పోగులుగా చేసి, అప్పుడు ఆరబెట్టాలి. వేసవిలో హైదరాబాదులో కాగితం మీద పరిస్తే పావుగంట చాలు. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో గంటసేపు ఉంచినా ఆరదు, కొన్నిసార్లు గాలిలోని తేమను ఇంకా పీల్చుకుంటుంది. అలాంటప్పుడు టేబుల్ లైటు బల్బు వెచ్చదనం తగిలేలా కాసేపు పెట్టడం ఉత్తమం.

నింపడంలో పెద్ద రహస్యమేమీ లేదు. అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కొంచెం బిగువుగా నింపి, వెలిగించే ముందు ఒకసారి ఖాళీగా లాగి చూడాలి. గాలి సులువుగా రాకపోతే మొత్తం తీసి మళ్లీ నింపడమే మంచిది. మొదటిసారి వెలిగించినప్పుడు పై పొర ఉబికి లేస్తుంది, దాన్ని టాంపర్‌తో (పొగాకును అదిమే చిన్న పరికరం) సుతారంగా అదిమి రెండోసారి వెలిగించాలి. ఇక అక్కడి నుంచి నిప్పు ఆరిపోతుందేమోనన్న భయంతో గబగబా లాగడమే అన్ని బాధలకూ మొదలు. ఆరిపోతే ఆరిపోనివ్వండి, మళ్లీ వెలిగించుకోవచ్చు. గిన్నెను అరచేతిలో పట్టుకుని ఉండండి. చెయ్యి కాలుతున్నట్టు అనిపిస్తే రెండు నిమిషాలు కింద పెట్టాలి. చేతికి ఓర్చుకోలేని వేడి కర్రకు కూడా మంచిది కాదు. అదే పనిగా అలా కాల్చితే బ్రయర్ లోపలి గోడ మాడి రంధ్రం పడుతుంది, దానికి మరమ్మతు లేదు.

కాల్చడం అయ్యాక పైపు వేడిగా ఉండగా స్టెమ్ తిప్పి ఊడదీయవద్దు. వేడికి కర్ర వ్యాకోచించి ఉంటుంది, ఆ సమయంలో తిప్పితే కాడ పగలవచ్చు, లేదా అతుకు వదులైపోవచ్చు. స్టెమ్ తీయకుండానే క్లీనర్‌ను గిన్నె దాకా దూర్చి, ఒక్క క్షణం అక్కడే ఉంచి, తడి పీల్చుకున్నాక బయటికి లాగాలి. గోధుమరంగు చారలు తగ్గేదాకా క్లీనర్లు మార్చాలి. బూడిదను చెప్పు మడమకేసి కొట్టి దులపడం సినిమాల్లో బాగుంటుంది, కానీ కాడ విరిగేది అలాగే. టాంపర్ కొనతో కలిపి బోర్లించి తీసి, మెత్తటి కాగితం ముక్కను మెలిపెట్టి గిన్నెలో గుండ్రంగా తిప్పితే చాలు. తర్వాత గిన్నె కిందికి, స్టెమ్ పైకి ఉండేలా నిలబెట్టాలి. మర్నాడే మళ్లీ ఆ పైపు తీయకుండా కనీసం ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి; రోజూ కాల్చేవారికి రెండు మూడు పైపులు కావాలనడానికి కారణం ఇదే. కర్ర పీల్చుకున్న తేమ ఆరకముందే మళ్లీ వెలిగిస్తే పులిసిన వాసన వస్తుంది, అది అంత త్వరగా పోదు.

కొంతకాలం కాల్చాక గిన్నె లోపల నల్లటి మసిపొర గట్టిపడుతుంది. దీన్ని పైపు కాల్చేవారు కేక్ అంటారు. కర్రకు అది కవచం, కాబట్టి మొత్తం గీకేయకూడదు. అలాగని వదిలేయనూ కూడదు. వేడికి ఆ పొర ఒక తీరున, కర్ర మరో తీరున వ్యాకోచిస్తాయి కనుక పొర మందమైతే గిన్నె పగులుతుంది. రూపాయి బిళ్ల మందానికి మించకుండా రీమర్‌తో (గిన్నె లోపల గీకే పరికరం) కొద్దికొద్దిగా, చుట్టూ సమానంగా తీయాలి. చాకు వాడితే గిన్నె గుండ్రదనం పోతుంది. మీర్షామ్ అనే తెల్లని ఖనిజంతో, ముఖ్యంగా టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో చేసే పైపులకు మాత్రం కేక్ పనికిరాదు. ప్రతిసారీ లోపల తుడిచేయాలి.

పైపు పూర్తిగా చేదెక్కితే గిన్నె నిండా దూది కూరి, సర్జికల్ స్పిరిట్ కాకుండా శుభ్రమైన వోడ్కా వంటి తాగే మద్యాన్నే చుక్కలుగా తడిపి, కాడలో ఒక క్లీనర్ ఉంచి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి దూది ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. దూది బదులు ఉప్పు వాడే పద్ధతి చాలాకాలంగా ఉంది గానీ, ఉప్పు కాడలోకి దిగితే చీలిక వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి నేను దూదినే ఇష్టపడతాను. ఆ తర్వాత కనీసం వారం రోజులు ఆరనివ్వాలి. లటాకియా వంటి గాఢమైన పొగాకు వాసన గిన్నెలో నిలిచిపోతుంది కాబట్టి దానికి ఒక పైపును విడిగా కేటాయించడం మంచిది.

నల్లటి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) స్టెమ్‌లు ఎండ తగిలితే పచ్చగోధుమ రంగుకు తిరిగి, గంధకం రుచి వస్తాయి. పైపు స్టాండును కిటికీ దగ్గర పెట్టకపోవడం, కాల్చిన ప్రతిసారీ తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టడం చాలు. అక్రిలిక్ స్టెమ్‌కు ఈ సమస్య లేదు, కానీ పంటికి గట్టిగా తగులుతుంది. వానాకాలంలో కొన్ని వారాలు పైపు ముట్టనప్పుడు దాన్ని తోలు సంచిలో బిగించి పెట్టకండి, బూజు పడుతుంది. గాలి ఆడే చోట, స్టెమ్ విడదీసి, నీడలో ఉంచాలి. పొగాకుకు మాత్రం దీనికి పూర్తిగా భిన్నం: కడిగి బాగా ఆరబెట్టిన గాజు సీసాలో బిగుతుగా మూతపెట్టి, చీకటి అలమరలో ఉంచాలి. డబ్బా తెరిచిన తేదీని సీసా మీద కాగితం అంటించి రాసుకోవాలి, వర్జీనియా అయితే తప్పనిసరిగా, ఎందుకంటే అది ఏళ్లు గడిచేకొద్దీ నలుపు తిరుగుతూ మెత్తబడుతుంది.