జాయింట్ డిపాజిట్ వడ్డీ ఎవరి లెక్కలోకి వస్తుంది: నా అనుభవం

నేను గవర్నమెంట్ హైస్కూల్లో టీచరుగా రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 60 వేలు. మావారు గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేశారు. ఆయనకు పీఎఫ్ తరఫున వచ్చే పెన్షన్ నెలకు 3 వేలే. ఇద్దరమూ అరవై దాటినవాళ్లం. ఆయన పీఎఫ్ డబ్బు 12 లక్షలు చేతికొచ్చినప్పుడు ఇద్దరి పేర్లతో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. నా పెన్షన్ పడే బ్యాంకే కాబట్టి ఫారంలో నా పేరు ముందు రాశారు. ఏడాదికి 84 వేలు వడ్డీ.

బ్యాంకు లెక్కలో మొదటి పేరు ఎవరిదైతే వడ్డీ వాళ్లది. 2024-25కి నా ఏఐఎస్ (ఎవరి పాన్ మీద ఏ ఆదాయం నమోదైందో పన్ను శాఖ చూపించే పట్టిక) తెరిచి చూస్తే ఆ 84 వేలూ నా పాన్ మీదే ఉన్నాయి, 8,400 టీడీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కూడా కట్ అయింది.

పెన్షన్ 7,20,000, నా సొంత డిపాజిట్ల మీద వడ్డీ 40 వేలు. కొత్త పన్ను పద్ధతిలో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 6,85,000. ఆ ఏడాది 7 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. అదే ఈ 84 వేలు కలిపితే 7,69,000 అవుతుంది. రిబేటు పోయి, సెస్సుతో కలిపి 27,976 రూపాయలు కట్టాలి! పాత పద్ధతిలో సీనియర్లకు వడ్డీ మీద 50 వేల మినహాయింపు ఉన్నా, వేసి చూస్తే అక్కడ పన్ను ఇంకా ఎక్కువ తేలింది. మరోపక్క మావారి ఆదాయం మొత్తం 36 వేలు. ఆయనకు చట్టం ఇచ్చిన, పన్ను పడని 3 లక్షల పరిమితి దాదాపు అంతా ఖాళీగా పడి ఉంది.

ఇంగ్లండులో ఉంటున్న మా అక్క కూతురితో ఈ మాట అంటే, అక్కడ ఒక్కొక్కరికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదని, భార్యాభర్తల్లో ఒకరి ఆదాయం అంతకన్నా తక్కువైతే అందులో 1,260 పౌండ్లు రెండోవాళ్లకు బదిలీ చేయొచ్చని చెప్పింది. రెండోవాళ్లు బేసిక్ రేటులో పన్ను కట్టేవాళ్లయి ఉండాలట. మన దగ్గర అలాంటిది లేదు. ఇంట్లో ఖర్చు ఒకటే అయినా పన్ను దగ్గర ఎవరి లెక్క వారిదే. రిటైరైన దంపతులకైనా ఆ సదుపాయం ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

నాతో పనిచేసిన ఒకావిడ, "నీ డిపాజిట్లు కూడా అన్నయ్యగారి పేరు మీదకి మార్చెయ్యి, గొడవ వదిలిపోతుంది" అంది. ఆడిటర్ గారు వద్దన్నారు. నా డబ్బు మావారికిచ్చి ఆయన పేరున వేసినా, అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 64 ప్రకారం ఆ వడ్డీ నా ఆదాయంలోనే కలుస్తుందట. "ముందు ఒకటి చెప్పండి టీచరుగారూ, ఆ 12 లక్షలు ఎవరివి?" అని అడిగారు. ఆయనవే అన్నాను. "అయితే ఆ సెక్షనే మీకు అండ. భర్త డబ్బు భార్య పేరున పెట్టినా వడ్డీ భర్తదే" అన్నారు. నాకు చాలా ధైర్యం వచ్చింది.

అసలు కష్టం బ్యాంకులో. టీడీఎస్ మావారి పాన్ మీదకి మార్చమంటే, మొదటి పేరు మీదే కట్ అవుతుంది, మేమేం చేయలేం అన్నారు. అప్పటి ఆదాయపు పన్ను రూల్స్‌లో 37బీఏ అని ఒకటి, అందులో దీనికి దారి ఉండేది. డబ్బు ఫలానావారిది, వారి పాన్ ఇది, కారణం ఇది అని మొదటి పేరున్నవాళ్లు డిక్లరేషన్ రాసిస్తే, బ్యాంకు రెండోవారి పేరున చూపించాలి. ఆడిటర్ గారు రూల్ ప్రింటు తీసిచ్చాక కాగితం తీసుకున్నారు గానీ, గడిచిన ఏడాదికి మాత్రం కుదరదన్నారు.

దాంతో రిటర్నులోనే సరిచేశాం. ఇలాంటప్పుడు ఐటీఆర్-1 అనే మామూలు రిటర్ను ఫారం పనికిరాదు. ఇద్దరం ఐటీఆర్-2 వేశాం. నా దాంట్లో ఆ టీడీఎస్‌ను వేరొకరు క్లెయిమ్ చేస్తున్నారని మావారి పాన్ ఇచ్చాం. ఆయన దాంట్లో 84 వేల వడ్డీ, 8,400 టీడీఎస్ చూపించాం. ఏఐఎస్‌లో ఆ వడ్డీ వేరే పాన్‌కు చెందిందని ఫీడ్‌బ్యాక్ పెట్టాం. పీఎఫ్ డబ్బు ఆయన ఖాతాలో పడిన రోజు స్టేట్‌మెంటు, అక్కడి నుంచి డిపాజిట్‌కి వెళ్లిన ఎంట్రీ, రెండూ ఫైల్లో పెట్టుకున్నాం. నోటీసు వస్తే చూపించాల్సినవి అవే.

మావారికి రిటర్ను వేయాల్సినంత ఆదాయం లేదు. అయినా వేయకపోతే 8,400 వెనక్కి రావు. ఆధార్ ఓటీపీ కొట్టేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం తడబడింది. ఇన్నేళ్లలో తన పేరున అదే మొదటి రిటర్ను. రిఫండు ఆయన ఖాతాలోనే పడింది. నాకు పన్నేమీ బాకీ లేదని పన్ను శాఖ నుంచి ఇంటిమేషన్ వచ్చింది.

2025-26 నుంచి కొత్త పద్ధతిలో రిబేటు 12 లక్షల ఆదాయం దాకా పెరిగింది. సీనియర్లకు బ్యాంకు వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్. మా పెన్షన్‌కి ఇక ఈ సమస్య రాదు. పెన్షన్ పెద్దదైనా, డీఏ బకాయిలు ఒక్కసారిగా పడినా ఆ గీత దాటేవాళ్లున్నారు. వాళ్లు డిపాజిట్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు డబ్బు ఎవరిదైతే వారి పేరు ముందు రాయించుకోవాలి. మేం ఈసారి మావారి పేరు ముందు, నాది రెండోది పెట్టించాం.